ఆ నిమిషంలో మీరెక్కడ ఉన్నరు?

(గుండె, ఛాతీ ఆపరేషన్లలో మత్తు, దాని చుట్టూ ఉన్న చట్టం మీద హనుమకొండలో ఒక సీనియర్ అనస్థీషియా డాక్టరు చేసిన ప్రసంగం. పీజీ విద్యార్థులు, నర్సింగ్ హోమ్‌ల డాక్టర్లు, ఓటీ టెక్నీషియన్లు విన్నారు. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు నుంచి టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డోళ్ళు ముందుకొచ్చి కూసోండి. ముందు వరస ఎప్పుడూ ఖాళీనే ఉంటది, పెండ్లి భోజనాల కాడ తప్ప.

నాకిచ్చిన అంశం "చట్టపరమైన బాధ్యత". ఆ మాట వినంగనే ఇక్కడ సగం మందికి బీపీ పెరుగుతది. అందుకే చట్టంతోని మొదలుపెట్టను, పేషెంటుతోని మొదలుపెడత. ములుగు అవతల నుంచి వచ్చిన ఒకామె. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండెలోని మైట్రల్ వాల్వ్ (కవాటం) బిగుసుకపోయింది. ముప్పై ఏండ్లు కూడా లేవు. తెల్లారితే వాల్వ్ మారుస్తరు. ముందురోజు సాయంత్రం పీఏసీకి, అంటే మత్తుకు ముందు చేసే చెకప్‌కు పోయిన. ఎకో చూసిన, నోరు తెరువమన్న, మెడ వంచమన్న. అంతా అయి లేవబోతుంటే అడిగింది, "సారూ, సూదేసినంక మళ్ళ లేస్తనా?"

గమనించిన్రా, సర్జన్‌ను ఈ ప్రశ్న ఎవ్వరూ అడగరు. ఆయనను "గుండె బాగైతదా" అని అడుగుతరు. మనల్ని "లేస్తనా" అని అడుగుతరు. కోర్టు మనల్ని అడిగేది కూడా దీని తోబుట్టువే. ఆమె నిద్రలో ఉన్నప్పుడు నువ్వెక్కడున్నవ్? ఏం చూసినవ్? ఎవరికి చెప్పినవ్? ఈ మూడింటి చుట్టే ఇయ్యాల తిరుగుత. సెక్షన్లు మధ్యమధ్యల వస్తయ్, భయపడకండి.

మనకు ఈ విషయంలో ఇంటి చరిత్ర ఒకటుంది. పీజీలు, హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ గురించి విన్నరా? చేతులెత్తండి. ఆ, నలుగురు. 1888లో మొదటి కమిషన్, 1889లో రెండోది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పైసలిచ్చిండు, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపిండు. రెండోసారి లాన్సెట్ పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను పంపింది. కుక్కల మీద, కోతుల మీద వందల ప్రయోగాలు. ఆఖరికి ఏం తేల్చిన్రు? క్లోరోఫామ్ ముందు ఊపిరిని ఆపుతది గాని గుండెను కాదు, కాబట్టి నాడి పట్టుకొని కూసోకండి, ఊపిరిని చూడండి అన్నరు. 1911లో గుడ్‌మన్ లెవీ వచ్చి, పలచటి మత్తులో కూడా క్లోరోఫామ్ గుండె లయ చెడగొట్టి చంపగలదని చూపించిండు. అంటే మన కమిషన్ సగం తప్పు. కాని ఆ మిగిలిన సగం ఉంది చూడండి, ఊపిరి మీది నుంచి చూపు తిప్పొద్దు అన్న సగం, అది నా విషయంలో అక్షరాలా నిజమైంది. చెప్త.

చాలా ఏండ్ల కింద. నేను పనిచేసిన ఒక ఆస్పత్రి, పేరు అవసరం లేదు, ఎందుకంటే తప్పు ఆస్పత్రిది కాదు, నాది. బైపాస్ కేసు. పంప్ మీద, అంటే గుండె, ఊపిరితిత్తుల పనిని మెషిన్ చేస్తున్నప్పుడు, ఊపిరితిత్తులకు పని ఉండదు కదా, వెంటిలేటర్ ఆపేసినం. ఆపంగనే అలారం మొత్తుకుంటది, దాని నోరూ మూసేసినం. అందరం చేసేదే. గంటన్నర గడిచింది. గ్రాఫ్టులు అయిపోయినయ్, ఒళ్ళు వెచ్చబడ్డది, గుండె కొట్టుకుంటుంది. పంప్ నడిపే పర్ఫ్యూజనిస్ట్ ఫ్లో తగ్గించుకుంట వస్తున్నడు. నేను అడ్రినలిన్ సిరంజి పంప్ కాడ అంకెలు మారుస్తున్న. తెర మీది నుంచి తొంగి గుండెను చూస్తున్న, ఎంత ముచ్చటగ కొట్టుకుంటున్నదో అని మురుస్తున్న కూడా. "పంప్ ఆఫ్" అన్నడు. ప్రెషర్ బాగుంది. సర్జన్ ఏదో జోకేసిండు, నవ్వినం.

క్యాప్నోగ్రాఫ్ గీత, అంటే ఊపిరిలో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను చూపే గీత, సాపుగ పడుకొని ఉంది. నేను చూస్తనే ఉన్న. కాని గంటన్నర నుంచి అది సాపుగనే ఉంది కదా, నా కంటికి అలవాటైపోయింది. మెషిన్ పక్కన నిలబడ్డ టెక్నీషియన్ పిలగాడు, పనిలో చేరి ఏడాది కాలే, మెల్లగ అన్నడు, "సార్, బెల్లోస్ ఆడుతలేదు."

నల్లటి బెల్లోస్, ఊపిరితిత్తులకు గాలి కొట్టే తిత్తి, అడుగున ముడుచుకొని ఉంది. మర్చిపోయిన వెంటిలేటర్ స్విచ్ వేసిన. పంప్ ఆగినంక ఎన్ని సెకన్లు గడిచినయో నాకిప్పటికీ తెల్వదు. గోడ గడియారం చూసే ధైర్యం కాలే. పేషెంటు బాగున్నడు, తన కాళ్ళ మీద ఇంటికి పోయిండు. కేసు లేదు, కంప్లైంట్ లేదు. కాని ఆ పిలగాడు ఆ రోజు సెలవు పెట్టి ఉంటే? లేకపోతే "పెద్ద సార్‌కు నేనేం చెప్త" అని ఊకున్నట్టయితే?

ఇప్పుడు చట్టంలోకి వద్దాం. ఇంగ్లండ్‌లో 1957లో బోలమ్ కేసు. దాంట్లో పెట్టిన కొలబద్దనే మన కోర్టులూ వాడుతున్నయ్. ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్న డాక్టరు ఆ పరిస్థితిలో ఏం చేస్తడు? దేశంలోనే మొనగాడు ఏం చేస్తడు అని అడగరు. మామూలు సమర్థుడు. ఇది మనకు రక్షణ. కాని నా కేసులో ఆ కొలబద్ద పెట్టి చూడండి. పంప్ దిగేముందు వెంటిలేటర్ వేయడం మామూలు సమర్థుడు చేస్తడా, చేయడా? చేస్తడు. ఇగ నేను ఏం వాదించుకోవాలె?

అయితే పేషెంటుకు నష్టపరిహారం ఇయ్యడం వేరు, జైలుకు పోవడం వేరు. ఈ తేడా 2005లో సుప్రీంకోర్టు జేకబ్ మాథ్యూ కేసులో గీత గీసి చెప్పింది. లూధియానాలో 1995లో జరిగింది. క్యాన్సర్ ముదిరిన పెద్దాయనకు ఆయాసం వచ్చింది. ఆక్సిజన్ పెట్టిన్రు. సిలిండర్ ఖాళీ. ఇంకోటి తెచ్చేసరికి ఆయన పోయిండు. డాక్టర్ల మీద క్రిమినల్ కేసు పెట్టిన్రు. సుప్రీంకోర్టు ఏమన్నది? ఖాళీ సిలిండర్‌కు ఆస్పత్రి సివిల్‌గ బాధ్యత వహించవలసి రావచ్చు, కాని డాక్టరును నేరస్తుడు అనాలంటే నిర్లక్ష్యం ఘోరమైన స్థాయిలో ఉండాలె అన్నది. పోలీసులు ముందుగ ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలె, వీలైతే ప్రభుత్వ డాక్టరుది. డాక్టరును ఊరికెనే అరెస్టు చేయొద్దు. 2024 జులై 1 నుంచి ఐపీసీ 304ఏ పోయి భారతీయ న్యాయ సంహిత 106 వచ్చింది. మామూలు మనిషి నిర్లక్ష్యంతోని చావు జరిగితే ఐదేండ్ల దాకా, డాక్టరు వైద్యం చేస్తుండగ అయితే రెండేండ్ల దాకా. "మనకు తగ్గించిన్రు" అని వాట్సాప్‌లో పండుగ చేసుకున్నరు కొందరు. సరిగ్గ చదవండి. పాత సెక్షన్‌లో జైలు గాని, జుర్మానా గాని, రెండూ గాని అని ఉండె. ఇప్పుడు జైలుశిక్ష, దాంతోపాటు జుర్మానా అని ఉంది.

ఇంకో పాత కేసు ఉంది, మనోళ్ళు మర్చిపోతరు. 1968 తీర్పు. తొడ ఎముక విరిగిన ఇరవై ఏండ్ల యువకుడిని పుణెకు తెచ్చిన్రు. మత్తియ్యకుండ మార్ఫిన్ ఒక్కటే ఇచ్చి, మనుషులు గుంజి ఎముక సదిరిన్రు. షాక్‌లో పోయిండు. డాక్టరుకు మూడు బాధ్యతలు అన్నది సుప్రీంకోర్టు. కేసు తీసుకోవాలెనా వద్దా అని నిర్ణయించేటప్పుడు జాగ్రత్త, ఏ చికిత్స అని నిర్ణయించేటప్పుడు జాగ్రత్త, చికిత్స చేసేటప్పుడు జాగ్రత్త. ఆ మొదటిది చూడండి! ఐసీయూ బెడ్ లేదు, రక్తం లేదు, శ్వాసనాళంలోకి చూసే, పని చేసే బ్రాంకోస్కోప్ లేదు, అయినా సర్జన్ సార్ ఫోన్ చేసి "వచ్చేయ్ భాయ్, చిన్న కేసే" అంటే పోతమా, లేదా? కాదనడం కూడా వైద్యమే. నర్సింగ్ హోమ్ సార్లు నా మీద కోపం చేసుకోకండి.

కాగితాల సంగతి. ఇది కొంచెం ఎక్కువసేపు చెప్త, ఎందుకంటే మనం ఓడిపోయేది ఇక్కడ. ఒకసారి నిపుణుడిగ అభిప్రాయం చెప్పమని ఒక కేస్ షీట్ నా దగ్గరికి వచ్చింది. ఎవరిదో, ఎక్కడిదో అడగకండి. అనస్థీషియా చార్ట్ తీస్తే ముత్యాల్లాంటి రాత. ఐదైదు నిమిషాలకు బీపీ 120, 80. 120, 80. 120, 80. రెండు గంటలు! రాయికైనా అంత నిలకడగ ఉండదు. ఒకే పెన్ను, ఒకే ఊపు, మొత్తం ఒకేసారి కూసొని రాసినట్టు తెలుస్తనే ఉంది. అదే పేషెంటుకు పర్ఫ్యూజన్ షీట్‌లో ప్రెషర్ పడిపోయిన టైమ్ వేరే చేతిరాతతోని ఉంది. మానిటర్ మెమరీలో ఇంకో టైమ్. మూడు కాగితాలు, మూడు గడియారాలు. గోడ గడియారం మానిటర్ కంటే పదకొండు నిమిషాలు ముందు నడుస్తుందట. ఆ డాక్టరు నిజంగ ఏ తప్పూ చేయకపోయి ఉండవచ్చు. కాని "మీరు మందు ఇచ్చింది ప్రెషర్ పడ్డంక రెండు నిమిషాలకా, పదమూడు నిమిషాలకా?" అని వకీలు అడిగితే ఏం చెప్పాలె?

రేపు పొద్దున థియేటర్‌కు పోంగనే చేయండి. గోడ గడియారం, మానిటర్, పంప్, రక్తం ఎంతసేపట్ల గడ్డకడ్తదో చూసే ఏసీటీ మెషిన్, నాలుగింటినీ కలపండి. పైస ఖర్చు లేదు. గత్తరలో చార్ట్ రాయలేకపోతే, పేషెంటు కుదుటపడ్డంక రాయండి, "తర్వాత రాసినది" అని పైన పెట్టి, రాసిన టైమ్ వేసి సంతకం చేయండి. తప్పు పడితే ఒక్క గీత కొట్టండి, కింద అక్షరం కనబడాలె. వైట్నర్ థియేటర్ దరిదాపుల్లోకి రావద్దు. ఇంకోటి, పేషెంటు తరఫువాళ్ళు రికార్డు అడిగితే 72 గంటల్లో ఇయ్యాలె, 2002 నిబంధనల్లోనే ఉంది. ఇన్‌పేషెంట్ రికార్డు కనీసం మూడేండ్లు దాయాలె. "ఎందుకడుగుతున్నరు, కేసేస్తరా?" అని గద్దించకండి. అప్పటిదాకా ఆలోచన లేనోడికి కూడా ఆలోచన మీరే ఇచ్చినట్టైతది.

సంతకం. "హై రిస్క్ అని రాయించుకొని సంతకం తీసుకున్నం సార్, ఇగ మనకేం కాదు." ఎన్నిసార్లు విన్ననో. కాదు నాయనా. రిస్క్ ఉందని ఆయన ఒప్పుకున్నడు గాని, నువ్వు వెంటిలేటర్ మర్చిపోవడానికి ఒప్పుకోలే.

మన నిమ్స్ కేసు తీసుకోండి, మొత్తం ఛాతీ కేసే. 1990లో ఇరవై ఏండ్ల ఇంజనీరింగ్ విద్యార్థి, ఛాతీలో ఎడమ పక్క గడ్డ, పక్కటెముకలను, వెన్నుపూసను తిన్నట్టు ఎక్స్‌రేలో కనబడ్డది. పరీక్ష కోసం తీసే ఎక్సిషన్ బయాప్సీకి సమ్మతి తీసుకున్నరు. లోపలికి పోయినంక గడ్డ మొత్తం తీసేసిన్రు. లేచేసరికి రెండు కాళ్ళు పడిపోయినయ్. వెన్నుపూస కాడ గడ్డ ఉన్నప్పుడు న్యూరోసర్జన్‌ను ఎందుకు పిలువలే అని అడిగింది కోర్టు. గడ్డ తీయడానికి సమ్మతి ఏది అని అడిగింది. ఆ యువకుడు చక్రాల కుర్చీలో వచ్చి సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించుకున్నడు. 2009లో కోటి రూపాయల పరిహారం ఇప్పించిన్రు. పందొమ్మిదేండ్లు, బిడ్డా, పందొమ్మిదేండ్లు!

ఇంకోటి 2008 తీర్పు. ఢిల్లీల ఒకామెకు మత్తిచ్చి కడుపులో కెమెరా పెట్టి చూస్తున్నరు. చూసి, బయట కూసున్న తల్లిని అడిగి గర్భసంచి తీసేసిన్రు. ఆమె మత్తులో ఉంది గాని పసిపిల్ల కాదు, ప్రాణాపాయమూ లేదు, లేచినంక అడగొచ్చు కదా అన్నది కోర్టు. ఇప్పుడు మన దగ్గర సంతకం ఎవరు పెడతరు? బావమరిది. ఎందుకంటే ఆయనకు రాయొస్తది, ఆయన గట్టిగ మాట్లాడుతడు. మంచం మీద ఉన్న మనిషిని ఎవరూ అడగరు. మేజరై, తెలివిలో ఉన్నంతసేపు సంతకం ఆమెదే. వేలిముద్రైనా ఆమెదే. మత్తుకు వేరే కాగితం, తెలుగులో. ఆమె భాషలో చెప్పండి. "గొంతులకెళ్ళి గొట్టం ఏస్తం, ఆపరేషన్ అయినంక కూడ కొన్ని గంటలు ఉంటది, లేచినప్పుడు మాట రాదు, భయపడకు, చెయ్యి ఊపు." ఇంతే. దీనికి డిగ్రీ కావాలెనా?

ములుగు ఆమెకు ఏం చెప్పిన అని అడుగుతరేమో. "లేస్తవ్" అని హామీ ఇయ్యాలని నోటిదాకా వచ్చింది. ఇయ్యలే. "అమ్మా, నూటికి నూరు పాళ్ళు అని నేను రాసియ్యలేను. నువ్వు పండినంతసేపు నీ తలకాడికెళ్ళి కదలను. అది మాత్రం మాటిస్త" అన్న. ఆమె తలకాయ ఊపింది. మన చేతిలో ఉన్నది అదొక్కటే కాబట్టి అదే చెప్పిన.

ఛాతీ ఆపరేషన్ల గురించి. మన దిక్కు టీబీ వచ్చి చీము పట్టి ముడుచుకపోయిన ఊపిరితిత్తులు చాలా చూస్తం. డబుల్ ల్యూమెన్ ట్యూబ్, అంటే రెండు ఊపిరితిత్తులకు వేర్వేరు దారులున్న గొట్టం, వేస్తం, ఒక ఊపిరితిత్తికి గాలి ఆపుతం. వెల్లకిల పడుకున్నప్పుడు ట్యూబ్ సక్కగ ఉంటది. పక్కకు తిప్పంగనే జరుగుతది. ప్రతిసారి కాదు, కాని జరుగుతది. తిప్పినంక మళ్ళ బ్రాంకోస్కోప్ వేసి చూసిన్రా? చూస్తే చార్ట్‌లో రాసిన్రా? సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడితే నూరు శాతం ఆక్సిజన్, ట్యూబ్ చూడు, పై ఊపిరితిత్తికి కొంచెం సీప్యాప్ (ఒత్తిడితోని గాలి), ఇవన్నీ మీకు తెలుసు. మీరు చేయనిది ఏందంటే, సర్జన్‌కు గట్టిగ చెప్పరు. 92, 88, 84, లోపల్లోపల దేవుడికి మొక్కుతరు. "సార్, ఆపండి, రెండు ఊపిరితిత్తులకూ గాలి ఇస్తున్న" అనాలె. అన్న టైమ్ రాయాలె. మత్తియ్యకముందే కుడా ఎడమా అని ఎక్స్‌రే చూసి గట్టిగ చదవండి. డబ్ల్యూహెచ్‌ఓ చెక్‌లిస్ట్ మీద 2009లో వచ్చిన అధ్యయనం ఎనిమిది ఆస్పత్రుల్లో చేసిన్రు, ఢిల్లీ ఆస్పత్రి కూడా అందులో ఒకటి. చావులు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినయ్. మన దగ్గర ఆ కాగితం మీద టిక్కులు సాయంత్రం సిస్టర్ ఒక్కతే కూసొని పెడ్తది. పెడ్తదా, లేదా? నవ్వుతున్నరంటే అర్థమైంది.

నొప్పి తగ్గడానికి వెన్నులో సన్న గొట్టంతోని మందిచ్చే ఎపిడ్యూరల్ వేసిన పేషెంటు రాత్రి "కాళ్ళు లేస్తలేవు" అంటే "మందు ఎఫెక్ట్, పొద్దునకు పోతది" అనొద్దు. మందు ఆపండి, కాళ్ళు చూడండి, రాకపోతే ఆ రాత్రే ఎంఆర్ఐ. లోపల రక్తం గడ్డకట్టి నరాలను ఒత్తుతుంటే 8 గంటల లోపు తీస్తే కాళ్ళు తిరిగొచ్చే ఆశ ఎక్కువ. పొద్దున రౌండ్స్ దాకా ఆగిన్రంటే, ఏ నిపుణుడు వచ్చి మిమ్మల్ని కాపాడుతడు?

గుండె కేసుల్లో ప్రోటమిన్ ఒక్కటి చెప్పి ఇది ముగిస్త. పంప్ ఎక్కేముందు కిలోకు 300 నుంచి 400 యూనిట్ల హెపారిన్, రక్తం గడ్డకట్టకుండ ఆపే మందు, ఇస్తం, చాలాచోట్ల ఏసీటీ 480 దాటినంకనే పంప్ ఎక్కుతం. దిగినంక దానికి విరుగుడు ప్రోటమిన్. ఆ సిరంజి ముందుగనే నింపి ట్రేలో పెట్టొద్దు. పంప్ మీద ఉండంగ అది పొరపాటున లోపలికి పోతే సర్క్యూట్ మొత్తం గడ్డకడ్తది, మళ్ళ చూసుకోవడానికి ఏం మిగలదు. సర్జన్ "ప్రోటమిన్" అనాలె, మనం "ప్రోటమిన్ మొదలు" అని అరవాలె, పర్ఫ్యూజనిస్ట్ "సక్కర్లు (కారిన రక్తాన్ని పంప్‌లోకి గుంజే గొట్టాలు) బంద్" అనాలె. మూడు గొంతులు వినబడినంకనే వేలు పిస్టన్ మీద. నా బెల్లోస్ సంగతి తర్వాత మెషిన్‌కు ఒక అట్టముక్క కట్టిన, తెలుగులో: ఊపిరి, అలారం, వేడి, లయ, మత్తు. అది గట్టిగ చదివి జవాబు వచ్చేదాకా పర్ఫ్యూజనిస్ట్ ఫ్లో తగ్గించొద్దని మాట పెట్టుకున్నం. మొదట్ల నవ్విన్రు.

"మత్తు" అని చివర ఎందుకు పెట్టిన? పంప్ మీద ఉన్నప్పుడు ఊపిరితిత్తుల నుంచి మత్తు గ్యాసు పోదు. పంప్‌కు మత్తు గ్యాసు కలిపే వేపరైజర్ మర్చిపోయినమనుకోండి, పేషెంటు కదలలేడు, కాని వింటడు. బ్రిటన్‌లో 2014లో వచ్చిన పెద్ద సర్వేలో మొత్తం మీద పంతొమ్మిది వేల మందిలో ఒకరు మెలకువ వచ్చిందని చెప్తే, గుండె, ఛాతీ కేసుల్లో ఎనిమిదిన్నర వేలకే ఒకరు చెప్పిన్రు. పేషెంటు వచ్చి "నాకు రంపం సప్పుడు వినబడ్డది" అంటే "కల వచ్చింది" అని కొట్టిపారేయకండి. కూసోండి, వినండి, రాసుకోండి, క్షమించమనండి. క్షమించమంటే నేరం ఒప్పుకున్నట్టు అని భయపెట్టేటోళ్ళు ఉంటరు. నా అనుభవంలో, మాట్లాడిన డాక్టరు మీద కంటే మొహం చాటేసిన డాక్టరు మీదనే ఎక్కువ కేసులు పడ్డయ్.

ప్రశ్నలు అడగండి. ఆ, పరకాల సార్. ఆరోగ్యశ్రీ పేషెంటు రూపాయి కట్టలే, వినియోగదారుల కమిషన్‌కు పోతడా అంటున్నరు. 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అందరికీ ఉచితంగ చేసే ప్రభుత్వ ఆస్పత్రి ఆ చట్టం కిందికి రాదు, అక్కడ సివిల్ కోర్టు ఉంది. కాని కొందరి దగ్గర తీసుకొని కొందరికి ఉచితంగ చేసే ఆస్పత్రిలో ఉచితం పేషెంటు కూడా వినియోగదారుడే. మీ నర్సింగ్ హోమ్ ఏ రకమో మీకే తెలుసు. కంప్లైంట్‌కు రెండేండ్ల గడువు. పేషెంటు నాకు పైసలియ్యలే, ఆస్పత్రి ఇచ్చింది అంటే కూడా చెల్లదు. ఆస్పత్రి దాని వంతు, మీరు మీ వంతు. సర్జన్ ఓడకు కెప్టెన్ అయితే మనం తెరచాప వెనక దాక్కోవచ్చు అనుకోకండి.

ఆ మూలకు, అమ్మా నువ్వు. పీజీ మొదటి ఏడాదా? గట్టిగ చెప్పు. "కన్సల్టెంట్ సార్ రెండు థియేటర్లు చూస్తరు, నన్ను ఒంటరిగ వదిలిపోతే బాధ్యత ఎవరిది?" మంచి ప్రశ్న. వదిలిపోయినాయనది. కాని నువ్వు కూడా ఒకటి చెయ్యి. నీ వల్ల కాదనిపించిన నిమిషంలో ఫోన్ చెయ్యి, సిగ్గుపడకు. చేసిన టైమ్ చార్ట్‌లో రాయి. ఆయన వచ్చిన టైమ్ రాయి. మీ సార్లు ఇగో ఈ ముందు వరసలోనే కూసున్నరు, వాళ్ళూ విన్నరు.